సిలికోన్ ఉన్న క్రీమా, లేని క్రీమా? మన ఓరుగల్లు ఎండకు, బోరు నీళ్లకు ఏది నప్పుతుంది

బతుకమ్మ పండుగకు వారం ముందు, హనుమకొండలో మా కంగన్‌హాల్ (గాజులు, ఫ్యాన్సీ సామాన్ల షాపు) కౌంటర్ దగ్గర ఒక డిగ్రీ అమ్మాయి, మేకప్ కింద రాసుకునే ప్రైమర్ డబ్బా పట్టుకుని చాలాసేపు నిలబడింది. వెనకున్న సన్నటి అక్షరాలను ఫోన్లో ఫోటో తీసి, పెద్దగా చేసుకుని చదువుతోంది. చివరికి అడిగింది: "అక్కా, ఇండ్ల డైమెథికోన్ ఉన్నది. అది ప్లాస్టిక్ లెక్క మొఖాన్ని మూసేస్తదట గదా?"

పక్కనే వాళ్లమ్మ. కూతురి అనుమానం ఆమెకు పట్టలేదు. బ్యాగులోంచి సగం వాడిన ట్యూబు తీసి, "గిసొంటిది ఇంకోటి ఉన్నదా? మెడికల్ షాపుల ఇచ్చిండు, మొఖం మంచిగ తెల్లగైంది" అంది. చూస్తే స్టెరాయిడ్ కలిసిన క్రీము.

ఎవరి విషయంలో నేను టెన్షన్ పడ్డానో వేరే చెప్పక్కర్లేదు. ట్యూబు సంగతి తర్వాత చెప్తాను. ముందు కూతురి ప్రశ్న. ఆ అమ్మాయి అడిగిన డైమెథికోన్ సిలికోన్‌లో ఒక రకం. రోజూ కనీసం ఇద్దరైనా ఇదే అడుగుతారు. నేను కాకతీయ యూనివర్సిటీలో ఫార్మసీ చదివి, ఇంటి షాపులో కూర్చున్నదాన్ని. సిలికోన్ ఉన్నవీ అమ్ముతాను, లేనివీ అమ్ముతాను. మీరు ఏది కొన్నా నా గల్లాపెట్టెకు ఒకటే.

## అసలు ఇదేం పదార్థం

మానేరు ఇసుకలో మెరిసే రేణువుల్లో ఉండేది సిలికా. అలాంటి సిలికా నుంచి సిలికాన్ అనే మూలకాన్ని తీసి, దాన్ని ఆక్సిజన్‌తో, మిథైల్ సమూహాలతో గొలుసులా కలిపితే వచ్చేదే సిలికోన్. కంప్యూటర్ చిప్పుల్లో ఉండేది సిలికాన్, క్రీముల్లో ఉండేది సిలికోన్. పలకడంలో తేడా తక్కువే గాని, వస్తువులు వేరు. ఇసుక నుంచి వచ్చింది కదా అని దీన్ని సహజమైనది అనలేం, ఫ్యాక్టరీలో తయారయ్యేదే. 1950ల నుంచి సౌందర్య సాధనాల్లో వాడుతున్నారు.

డబ్బా మీద దాని పేరు పట్టుకోవడం తేలిక. చివర "కోన్", "కోనాల్", "సిలోక్సేన్" అని ఉంటే చాలావరకు అదే. డైమెథికోన్, డైమెథికోనాల్, సైక్లోపెంటాసిలోక్సేన్ ఎక్కువగా కనిపిస్తాయి. మన దేశంలో 2020 కాస్మెటిక్స్ నియమాల ప్రకారం, ఒక శాతం కంటే ఎక్కువున్న పదార్థాలను ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా రాయాలి. ఒక శాతం, అంతకంటే తక్కువ ఉన్నవి ఆ తర్వాత ఏ వరుసలోనైనా రాయొచ్చు. కాబట్టి డైమెథికోన్ రెండో మూడో పేరుగా ఉంటే అది సిలికోన్ క్రీమే. ఇరవయ్యో పేరుగా ఉంటే దాని గురించి తగువు పడటం దండగ.

"ముఖాన్ని మూసేస్తుంది" అనే మాటకు వద్దాం. డైమెథికోన్ అణువు పెద్దది, చర్మం లోపలికి ఇంకదు. పైన పల్చటి పొరలా పరుచుకుంటుంది. ఆ పొర ప్లాస్టిక్ కవరు లాంటిది కాదు. నీటి ఆవిరి కొంత ఆగుతుంది, కొంత బయటికి పోతుంది. ఆక్సిజన్ అయితే సిలికోన్ గుండా చాలా సులువుగా పోతుంది. కాంటాక్ట్ లెన్సుల్లో సిలికోన్ హైడ్రోజెల్ వాడేది అందుకే. కంటి మీద రోజంతా పెట్టుకునే వస్తువుకు అది పనికొస్తుంటే, చెంపకు ఊపిరాడదని భయపడటం ఎందుకు? ఇంకో ముచ్చట. కడుపు ఉబ్బరానికి తాగే గ్యాస్ మందుల్లో ఉండే సిమెథికోన్, డైమెథికోన్‌కు సిలికా కలిపిందే. అది పేగుల్లో ఇంకకుండా అట్లాగే బయటికి పోతుంది.

అయితే ఇది చర్మానికి తిండి పెట్టదు. తేమ ఇవ్వదు, మచ్చలు పోగొట్టదు, వయసు తగ్గించదు. రాసుకున్న వెంటనే ముఖం పట్టులా అనిపించేది గుంతలూ గీతలూ పొరతో నిండటం వల్లే. రాత్రి కడిగితే ఆ నునుపూ పోతుంది. "సీరమ్ రాస్తే ఒక్కరోజులో చర్మం మారింది" అని ఎవరైనా అంటే, ఆ మార్పులో సగం సిలికోన్‌దే అనుకోండి.

## దేన్ని చూసి తేల్చుకోవాలి

మన దగ్గర మే నెలలో ఎండ 43, 44 డిగ్రీలు దాటుతుంది. రామగుండం వైపు వాళ్లకు ఇంకా బాగా తెలుసు. చలికాలం ఆదిలాబాద్‌లో ఉష్ణోగ్రత ఒంటి అంకెలోకి దిగుతుంది. చాలా కాలనీల్లో స్నానం బోరు నీళ్లతోనే. చల్లటి దేశాల్లో వీడియోలు చేసేవాళ్ల సలహా ఇక్కడ సగమే పనికొస్తుంది. నేను చూసేవి ఇవి: మీ చర్మం నీరు కోల్పోతోందా, లేక జిడ్డు ఎక్కువా, మొటిమలు వస్తాయా, చెమట పట్టినప్పుడు ఆ క్రీము ఎలా ఉంటుంది, మీ ఇంట్లో నీళ్లతో, మీరు వాడే సబ్బుతో అది పోతుందా. ఖర్చు ఎలాగూ ఉంటుంది. అన్నిటికంటే ఎక్కువ మంది మర్చిపోయేది కడుక్కోవడం గురించి.

| | సిలికోన్ క్రీము, జెల్ | సిలికోన్ లేని నీటి జెల్ | వాజిలిన్ | కొబ్బరి నూనె |
|---|---|---|---|---|
| తేమ బయటికి పోకుండా ఆపడం | మధ్యస్థం | తక్కువ | అన్నిటికంటే ఎక్కువ | మధ్యస్థం |
| మొటిమల ముఖానికి | సాధారణంగా పర్వాలేదు | బాగుంటుంది | రంధ్రాలు మూయదు గాని జిడ్డు | వద్దు |
| మే నెల చెమటలో | తేలిక, కొందరికి ఉక్క | చాలా తేలిక | భరించలేం | జిడ్డు కారుతుంది |
| మేకప్ కింద | అన్నిటికంటే మేలు | పర్వాలేదు | జారిపోతుంది | జారిపోతుంది |
| కడిగితే పోవడం | ఫేస్‌వాష్ కావాలి | నీళ్లకే పోతుంది | కష్టం | కొంచెం కష్టం |
| ఖర్చు | మధ్యస్థం నుంచి ఎక్కువ | మధ్యస్థం | చాలా తక్కువ | తక్కువ |

## సిలికోన్ క్రీములు

అమెరికాలో మందులను నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ డైమెథికోన్‌ను 1 నుంచి 30 శాతం వరకు చర్మాన్ని కాపాడే మందుగా ఒప్పుకుంది. చిన్నపిల్లల డైపర్ ఒరిపిడికి వాడే కొన్ని క్రీముల్లో ఉండేది ఇదే. అలర్జీ చేయడం చాలా అరుదు. కొత్త క్రీముతో దద్దుర్లు వస్తే నేను మొదట అనుమానించేది సిలికోన్‌ను కాదు, దాంట్లో కలిపిన సెంటును.

మొటిమల సంగతి. సిలికోన్ చర్మ రంధ్రాలను పూడ్చే రకం పదార్థం కాదు. చర్మం మీద బతికే మలసీజియా అనే ఫంగస్ కొన్ని నూనెల్లోని కొవ్వు ఆమ్లాలను తిని పెరుగుతుంది, సిలికోన్‌ను తినలేదు. నుదుటి మీద, వీపు మీద ఒకే సైజులో దురద పెట్టే పొక్కులు వచ్చేవాళ్లకు నూనె కంటే ఇదే నయం.

మరి "సిలికోన్ మొదలుపెట్టాక మొటిమలు వచ్చాయి" అని నా దగ్గరికి వచ్చేవాళ్లంతా అబద్ధం చెప్తున్నారా? కాదు. వాళ్లను నేను రెండు ప్రశ్నలు అడుగుతాను. రాత్రి దేంతో కడుగుతున్నావు? మీ ఇంట్లో ఏ నీళ్లు? చాలామంది చెప్పే జవాబు ఒకటే: మామూలు ఒంటి సబ్బు, బోరు నీళ్లు. బోరు నీళ్లలోని కాల్షియం సబ్బుతో కలిస్తే తెల్లటి మడ్డి తయారవుతుంది. బకెట్టు అంచుకు పట్టేది అదే. అది ముఖానికీ పడుతుంది. చర్మం గుంజినట్టు అవుతుంది. నీళ్లకు లొంగని సిలికోన్ పొర, దాని మీద సన్‌స్క్రీన్, రోడ్డు దుమ్ము, అన్నీ ఆ సబ్బుకు సరిగా పోవు. రెండు మూడు వారాలు ఇట్లా గడిస్తే మొటిమలు రాకుండా ఎలా ఉంటాయి? నింద మాత్రం క్రీము మీద పడుతుంది. సబ్బు కాని ఫేస్‌వాష్ తెచ్చుకుని, మేకప్ వేసిన రోజు రెండుసార్లు కడిగి చూడమంటాను. అప్పటికీ తగ్గకపోతే ఆ క్రీము మీకు పడలేదు, మానేయండి. ఒకరికి పడింది ఇంకొకరికి పడాలని ఎక్కడా లేదు.

## సిలికోన్ లేని నీటి జెల్‌లు

గ్లిజరిన్, హైలురోనిక్ ఆమ్లం, కలబంద. ఇవి నీటిని పట్టుకుంటాయి గాని, పట్టుకున్న నీరు ఎగిరిపోకుండా ఆపడం వీటి వల్ల కాదు. వానాకాలం గాలిలో తేమ ఉన్నప్పుడు ఒక్క జెల్ చాలు. ఏప్రిల్‌లో పొడి వడగాలికి బండి మీద కాజీపేట నుంచి వరంగల్ చౌరస్తా దాకా వస్తే, జెల్ రాసిన ముఖమే ఇంకా బిగిసినట్టు అనిపించొచ్చు. అప్పుడు పైన ఏదో ఒక మూత కావాలి. తేలికైన మూత కావాలంటే మళ్లీ సిలికోన్ దగ్గరికే రావాలి, లేదా చర్మపు కొవ్వుల లాంటి స్క్వాలేన్, సెరమైడ్లు ఉన్న క్రీము తీసుకోవాలి. అవి మంచివే, ధర కొంచెం ఎక్కువ.

"సిలికోన్ ఫ్రీ" అని పెద్ద అక్షరాల్లో రాసిన డబ్బాను చూసి మురిసిపోకండి. సిలికోన్ తీసేసిన చోట కంపెనీలు ఇంకేదో పెడతాయి. అది బరువైన నూనె అయితే మొటిమల ముఖానికి నష్టమే.

## వాజిలిన్

నీరు పోకుండా ఆపడంలో దీన్ని కొట్టింది లేదు. చర్మం నుంచి ఎగిరే నీటిలో దాదాపు 98 శాతం ఆపగలదు. సిలికోన్లు ఆపేది 20 నుంచి 30 శాతం. పగిలిన మడమలకు, పెదాలకు, చలికాలం పొద్దున తెల్లబడే కాళ్లకు వాజిలినే. పది రూపాయల చిన్న డబ్బా చేసే పనిని పెద్ద ధర క్రీములు చేయలేవు. కాకపోతే ఎండాకాలం ముఖానికి పూసుకుని బయటికి వెళ్తే, ఇంటికొచ్చేసరికి రోడ్డు మీది దుమ్మంతా మీ దగ్గరే ఉంటుంది.

## నూనెలు

కొబ్బరి నూనె జుట్టుకు నిజంగా మంచిది, వెంట్రుక లోపలికి ఇంకి ప్రొటీన్ పోకుండా కాపాడుతుంది. చేతులకు, కాళ్లకు కూడా పర్వాలేదు. ముఖానికి, అందులోనూ మొటిమల వయసు పిల్లలకు వద్దంటాను. పెద్దవాళ్లు కోపం చేస్తారు, తెలుసు. పండుగ పొద్దున నువ్వుల నూనెతో తలంటి, శనగపిండితో రుద్దుకునే అలవాటును నేనేమీ అనడం లేదు. అక్కడ నూనె ఒంటి మీద కాసేపే ఉంటుంది. రాత్రంతా ముఖానికి పూసుకుని పడుకోవడం వేరు.

## సన్‌స్క్రీన్ కొనేటప్పుడు

సిలికోన్ వద్దనుకునేవాళ్లు ఎక్కువ నష్టపోయేది ఇక్కడే. కాళోజీ జంక్షన్‌లో ఎర్రలైటు పడి ఒక నిమిషం ఎండలో నిలబడినా చెంపలు మండుతాయి. నల్లమచ్చలు, మంగు రెండూ ఎండతో ముదిరేవే. అందుకే సన్‌స్క్రీన్ ముఖ్యం. కానీ అది జిడ్డుగా, తెల్లగా ఉంటే ఎవరూ రెండో రోజు రాయరు.

జింక్ ఆక్సైడ్ పొడిని ముద్దలు కట్టకుండా సమంగా పరచడానికి, రాసుకున్నాక పౌడర్ వేసినట్టు పొడిగా ఉండటానికి కంపెనీలు సిలికోన్ మీదే ఆధారపడతాయి. పారదర్శకంగా, మెత్తటి జెల్‌లా ఉండే సన్‌స్క్రీన్లలో చాలావాటికి సిలికోనే ఆధారం. సిలికోన్ లేని సన్‌స్క్రీన్లు దొరుకుతాయి, కొన్ని బాగానే ఉంటాయి. మీరు రోజూ, రెండు వేళ్ల నిండుగా, మనసుకు నచ్చి రాసేది ఏదైతే అదే కొనండి. డబ్బాలో మిగిలిపోయిన సహజమైన సన్‌స్క్రీన్ కంటే ముఖం మీదున్న సిలికోన్ సన్‌స్క్రీన్ మేలు.

ఒక చిక్కు ఉంది. సన్‌స్క్రీన్ రాస్తుంటే రబ్బరు తుడిచినట్టు చిన్న చిన్న ఉండలు రాలతాయి. కింద రాసిన జెల్ ఇంకకముందే సిలికోన్ రాయడం వల్లో, ఎక్కువ పొరలు వేయడం వల్లో, గట్టిగా రుద్దడం వల్లో అట్లా అవుతుంది. నీళ్ల సీరమ్ ముందు, సిలికోన్ చివర. మధ్యలో అయిదు నిమిషాలు చీర కుచ్చిళ్లు సర్దుకోండి. తర్వాత అద్దినట్టు రాయండి, రుద్దకండి.

## ఎవరికి ఏది

జిడ్డు ముఖం, మొటిమలు, కాలేజీ వయసు: పగలు సిలికోన్ ఆధారంగా చేసిన జెల్ సన్‌స్క్రీన్, రాత్రి నీటి జెల్. ప్రైమర్ పెళ్లికో బతుకమ్మకో చాలు. నా కౌంటర్ దగ్గర నిలబడ్డ అమ్మాయికి ఇదే చెప్పాను. ప్రైమర్ కొన్నది, దాంతోపాటు ఫేస్‌వాష్ కూడా కొనిపించాను.

పెళ్లికూతురు: మాఘమాసం పెళ్లిళ్లలో లైట్ల వేడికి, హోమం పొగకు మేకప్ నిలవాలంటే సిలికోన్ ప్రైమర్ లేకుండా కష్టం. ఫౌండేషన్ కూడా సిలికోన్ రకమే తీసుకోండి. సిలికోన్ ప్రైమర్ మీద నీళ్ల ఫౌండేషన్ వేస్తే ముక్కు పక్కన విడిపోతుంది. అప్పగింతల దాకా ఆగదు.

గిన్నెలు తోమేవాళ్లు, టిఫిన్ సెంటర్లో పనిచేసేవాళ్లు: చేతులు రోజంతా నీళ్లలోనే ఉంటాయి. డైమెథికోన్ ఉన్న హ్యాండ్ క్రీము పనికి ముందు రాసుకుంటే నీరు, సబ్బు నేరుగా తగలవు. ఇక్కడ నీటి జెల్ వల్ల ఏ ఉపయోగమూ లేదు.

మిర్చి పని చేసేవాళ్లు: ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి సీజన్లో తొడిమెలు తీసే ఆడవాళ్లు చేతుల మంటకు క్రీము అడుగుతారు. మిర్చి ఘాటు నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. సిలికోన్ పొర దాన్ని ఆపుతుందని నమ్మకం పెట్టుకోవద్దు. గ్లౌజులే దారి. మంట మొదలైతే ముందు నూనె పట్టించి, గుడ్డతో తుడిచి, ఆ తర్వాత సబ్బుతో కడగాలి. నేరుగా నీళ్లు పోసుకుంటే ఘాటు పోదు.

పొడి చర్మం, నడివయసు, ఆదిలాబాద్ చలి: స్నానం చేసిన మూడు నిమిషాల్లో, ఒళ్లు తడిగా ఉండగానే గ్లిజరిన్, డైమెథికోన్ రెండూ ఉన్న క్రీము. మడమలకు వాజిలిన్.

కాలిన మచ్చలు, ఆపరేషన్ కుట్లు: ఇక్కడ సిలికోన్ అలంకారం కాదు, వైద్యం. ఉబ్బెత్తు మచ్చలకు డాక్టర్లు సిలికోన్ జెల్‌ను, పట్టీలను ముందుగా సూచిస్తారు. పుండు పూర్తిగా మానాకే మొదలుపెట్టాలి, పట్టీ అయితే రోజుకు 12 గంటలకు పైగా ఉంచాలి, కనీసం రెండు మూడు నెలలు వాడాలి. పదిరోజులకు వదిలేసి "పనిచేయలేదు" అనేవాళ్లే ఎక్కువ.

జుట్టు గురించి రెండు ముక్కలు. సీరమ్‌లలో ఉండేది సిలికోనే, చిక్కులు విప్పడానికి బాగుంటుంది. కుదుళ్లకు కాకుండా చివర్లకే రాయండి, వారానికోసారి షాంపూతో బాగా కడగండి.

## సిలికోన్ మీద సరైన ఫిర్యాదు

అది చర్మానిది కాదు, నీళ్లది. వలయంలా ఉండే మూడు రకాలు ఉన్నాయి. డీ4, డీ5, డీ6 అంటారు. సైక్లోపెంటాసిలోక్సేన్ అంటే డీ5. చర్మం మీద ఇవి చాలావరకు ఆవిరైపోతాయి గాని, కడిగినప్పుడు మురుగులో చేరినవి అంత త్వరగా విరిగిపోవు. యూరప్‌లో 2020 జనవరి 31 తర్వాత, కడిగేసే సౌందర్య సాధనాల్లో డీ4, డీ5 ఒక్కొక్కటి 0.1 శాతానికి చేరకూడదని నియమం పెట్టారు. 2024లో దాన్ని విస్తరించి డీ6ను చేర్చారు. ముఖానికి రాసి వదిలేసే వాటికి కూడా 2027 జూన్ నుంచి అదే వర్తిస్తుంది. డీ4 సంతాన సామర్థ్యాన్ని దెబ్బతీయొచ్చనే అనుమానంతో అక్కడ సౌందర్య సాధనాల్లోంచి దాన్ని ముందే తీసేశారు.

భద్రకాళి చెరువు గట్టు మీద నడిచే మనిషిగా నాకు ఈ ఫిర్యాదు న్యాయంగానే తోస్తుంది. మీకూ అట్లా అనిపిస్తే మొత్తం సిలికోన్‌ను వదలక్కర్లేదు. "సైక్లో" అని మొదలై "సిలోక్సేన్" అని ముగిసే పేర్లను వదిలేసి, డైమెథికోన్ ఉన్నవి తీసుకోండి. షాంపూ, కండిషనర్‌తో మొదలుపెట్టండి. ఎక్కువగా మోరీల్లోకి పోయేవి అవే.

## ఆ అమ్మ ట్యూబు

స్టెరాయిడ్ క్రీము మొదటి రెండు వారాలు ముఖాన్ని తెల్లగా, నున్నగా చేస్తుంది. నెలల తరబడి రాస్తే చర్మం పల్చబడి, ఎర్రటి సన్న రక్తనాళాలు తేలి, మొటిమలు, అవాంఛిత రోమాలు వస్తాయి. మానేస్తే ముఖం భగ్గుమంటుంది, అందుకే మళ్లీ అదే రాస్తారు. ఇవి డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడని మందులు. ట్యూబు మీద బీటామెథసోన్, క్లోబెటసోల్, మొమెటసోన్ లాంటి పేర్లుంటే అది స్టెరాయిడే. చాన్నాళ్లుగా వాడుతుంటే ఒక్కసారిగా ఆపకండి, చర్మ డాక్టర్‌కు చూపించి మెల్లగా మానాలి. ఆమెను ఎంజీఎం ఆసుపత్రిలో చర్మ విభాగం ఓపీకి పొమ్మన్నాను. "ఊకె క్రీముకు దవాఖానకెందుకు?" అంది. కూతురు మాత్రం ట్యూబును తీసుకుని ఫోన్లో ఫోటో తీసి, పెద్దగా చేసి చదవడం మొదలుపెట్టింది.